కీ ఎక్కువైతే వాచీ ఆగదు



ఇంట్లో కీ ఇచ్చే వాచీ ఉంటే దాన్ని తెచ్చుకుని రేడియో పక్కన కూర్చోండి. నడుస్తున్నదైతేనే సుమా. ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉన్నదైతే ఇంకొన్నాళ్లు అక్కడే ఉండనివ్వండి. సరదా పుట్టి దానికి కీ మాత్రం ఇవ్వకండి. ఎందుకొద్దంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది. నడిచే వాచీని మటుకు చెవికి ఆనించి వినండి.

టిక్కు టిక్కుమంటోంది కదా. మన చెవికి ఒక్క టిక్కుగా వినపడేది నిజానికి మూడు చప్పుళ్లు. లోపల బ్యాలెన్సు అనే చక్రం ఇటూ అటూ ఊగుతూ ఉంటుంది. దాని అడుగున ఒక చిన్న రాయి. ఆ రాయి వచ్చి పల్లెట్ అనే రెండు కొమ్ముల ముక్కను కొడుతుంది, అది మొదటి చప్పుడు. ఆ దెబ్బకి పల్లెట్ పక్కకి జరిగి, అప్పటిదాకా ఆపి ఉంచిన ఎస్కేప్ చక్రాన్ని వదులుతుంది. చక్రం పన్ను పల్లెట్ రాయిని తోస్తూ జారుతుంది. ఆ తోపు వెళ్లి బ్యాలెన్సుకి అందుతుంది, అది రెండో చప్పుడు. ఆ పన్ను జారిపోగానే ఇంకో పన్ను వచ్చి అవతలి రాయి మీద పడుతుంది, పల్లెట్ తన హద్దుకి తగిలి ఆగిపోతుంది. అది మూడోది, అన్నిటికన్నా గట్టిది. ఇదంతా జరగడానికి పట్టే కాలం సెకనులో సుమారు వందో వంతు.

పాత హెచ్.ఎం.టి. జనతా వాచీ అయితే సెకనుకి ఇలాంటి టిక్కులు అయిదు. లెక్క సులువే. ఎస్కేప్ చక్రానికి 15 పళ్లు, ఒక్కో పన్నుకి రెండు టిక్కులు, చుట్టుకి 30. నిమిషానికి పది చుట్లు. అంటే నిమిషానికి 300, గంటకి 18,000, రోజుకి 4,32,000. ఏడాది తిరిగేసరికి 15 కోట్ల 76 లక్షల పైచిలుకు. ఇంత పనీ చేసే ఇరుసు కొన ఎంత లావుంటుందంటారా? మిల్లీమీటరులో పదో వంతు. వెంట్రుక కంటే కాస్త లావు, అంతే.

ఈ చప్పుడు విని లోపలి సంగతి చెప్పడం మా వృత్తిలో సగం పని. టిక్కుకీ టాక్కుకీ మధ్య ఎడం సమంగా ఉండాలి. టిక్-టాక్, ఆగి, టిక్-టాక్ అని కుంటుతూ ఉంటే బ్యాలెన్సు నడిమధ్య నిలవడం లేదని అర్థం. నడక సమంగానే ఉన్నా చప్పుడు నీరసంగా, ఎక్కడో గోడ అవతల నుంచి వస్తున్నట్టుంటే బలం కిందిదాకా చేరడం లేదు. ఇప్పుడు ఈ వినే పనికి టైమింగ్ మిషన్లు వచ్చాయి. నా ముందు ఇప్పుడు ఉన్నట్టే దానికీ ఒక మైకు ఉంటుంది. వాచీని దానికి తగిలిస్తే ఆ మూడు చప్పుళ్ల మధ్య కాలాన్ని కొలిచి, బ్యాలెన్సు ఎన్ని డిగ్రీలు ఊగుతోందో, రోజుకి ఎన్ని సెకన్ల తేడా వస్తుందో తెర మీద చూపిస్తుంది. మిషన్ వచ్చాక కూడా ముందు చెవి దగ్గర పెట్టుకునే అలవాటు నాకు పోలేదు.

మా షాపులో రోజుకొకరైనా అనే మాట ఒకటుంది. మొన్న ఒక పెద్దావిడ కూడా అదే అన్నారు. చేతిసంచీలోంచి రుమాలు, రుమాల్లోంచి జనతా వాచీ తీసి బల్ల మీద పెట్టారు.

"బాబూ, ఇది మా ఆయనది. రోజూ పొద్దున్నే నేనే కీ ఇస్తున్నాను. మనవడు సెలవులకొచ్చి గట్టిగా తిప్పేశాడు. కీ ఎక్కువైపోయి ఆగిపోయింది."

"మనవణ్ణి తిట్టారా అమ్మా?"

"తిట్టకుండా ఉంటానా!"

"అయితే ఇంటికెళ్లి ఓ మంచి మాట చెప్పండి. వాడు ఆపలేదు దీన్ని. సర్వీసింగు ఎప్పుడు చేయించారు?"

"బాగా నడిచే వాచీకి సర్వీసింగెందుకు బాబూ?"

నేనీ ప్రసంగం ఒప్పుకున్నది ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికే.

ముందు కీ సంగతి. కీ తిప్పినప్పుడు మీరు చేసేది, డబ్బీలో ఉన్న మెయిన్ స్ప్రింగుని చుట్టడం. అది పూర్తిగా చుట్టుకున్నాక ఇక తిరగదు, మీ వేలికే తెలుస్తుంది. అక్కడ ఆపాలి. అది నిండు కీ. దాన్ని మించి ఎక్కువ కీ అనేదే లేదు. నిండు కీ మీద వాచీ బాగా నడవాలి, అంతేగానీ ఆగకూడదు. మొండిగా తిప్పితే స్ప్రింగు తెగొచ్చు. తెగితే కీ వదులైపోయి ఎంతసేపైనా తిరుగుతూనే ఉంటుంది. అలా కాకుండా కీ బిగుతుగా ఉంది, వాచీ మాత్రం నడవడం లేదు, కాస్త కదిపితే రెండు టిక్కులంటుంది, మళ్లీ ఆగుతుంది. ఇలా ఉంటే స్ప్రింగులో నిండా బలం ఉంది, ఆ బలం బ్యాలెన్సు దాకా చేరే దారిలో అడ్డు పడింది. ఆ అడ్డు పేరు ఎండిన నూనె. పెద్దావిడ వాచీలో నూనె కొన్నేళ్లుగా ఎండుతూనే ఉంది. అది ఆగిన రోజున కీ ఇచ్చినవాడు మనవడు. అందుకని మాట వాడి మీదికి వచ్చింది.

ఇరుసుకి కందెన లేని బండి కీచుమని ఊరంతా వినపడేలా మొర పెడుతుంది. వాచీకి అంత గొంతు లేదు. నూనె ఎండినా నడుస్తుంది. ఎండిన నూనె బంకవుతుంది, ఆ బంకకి దుమ్ము అంటుతుంది, దుమ్ముతో కలిసి అది ఉక్కు ఇరుసుని అరగదీస్తుంది. ఆ అరుగుడు పొడి తుప్పు రంగులో రాయి చుట్టూ చేరుతుంది. ఇదంతా వాచీ టైము సరిగ్గా చూపిస్తుండగానే జరుగుతుంది. బలం తగ్గి ఆగిపోయే నాటికి, నూనె మార్చి సరిపెట్టాల్సిన చోట చక్రమే మార్చాల్సిన పరిస్థితి వచ్చి ఉంటుంది. పాత వాచీకి చక్రం కావాలంటే ఇంకో పాత వాచీ చావాలి. కొత్త చక్రాలు చేసేవాళ్లు లేరు.

బీరువాలో వాచీకి కీ ఇవ్వొద్దన్నది కూడా ఇందుకే. పదేళ్లు పడుకున్న వాచీలో నూనె ఉండదు. మీరు కీ ఇవ్వగానే అది నడిచిందని ఇంటిల్లిపాదీ సంబరపడతారు. లోపల ఇరుసులు పొడి రాయి మీద గీసుకుంటూ ఉంటాయి.

సర్వీసింగు అంటే ఏం చేస్తామో చెప్పాలి. చాలామంది అనుకునేది, వెనక మూత తీసి, ఓ చుక్క నూనె వేసి, ఊది, మూసేస్తామని. అలా చేసేవాళ్లు లేకపోలేదు. పది నిమిషాల్లో ఇచ్చేస్తారు, ఛార్జీ కూడా తక్కువే. బంక మీద కొత్త నూనె పోస్తే బంక పల్చబడి నాలుగు నెలలు నడుస్తుంది, ఆ తర్వాత మునుపటి కంటే మొండిగా ఆగుతుంది. మీ ఎదురుగానే మూత తీసి నూనె వేసిన మేస్త్రీ దగ్గరికి రెండోసారి వెళ్లకండి.

అసలు పద్ధతి మొత్తం విప్పడం. విప్పేముందు స్ప్రింగులో ఉన్న కీ దింపాలి. కీ వేళ్ల మధ్య పట్టుకుని, స్ప్రింగు వెనక్కి తిరక్కుండా ఆపే క్లిక్ అనే చిన్న కొక్కేన్ని పక్కకి జరిపి, బిగువంతా వేళ్ల మధ్య నుంచి మెల్లగా జారనివ్వాలి. నేర్చుకునే కుర్రాళ్లు మొట్టమొదట మరిచిపోయేది ఇదే. కీ దింపకుండా పల్లెట్ పైకి తీశారో, స్ప్రింగు బలమంతా ఒక్కసారిగా వదులై చక్రాలన్నీ జుయ్యిమని తిరిగేస్తాయి. ఆ చప్పుడు విన్నాక ముందు పళ్లు లెక్కపెట్టుకోవాలి.

తర్వాత కీ పుల్ల బయటికి. దాన్ని పట్టుకుని ఉండే చిన్న మరని ఒకటి రెండు చుట్లు వదులు చేయాలి, అంతకు మించి తిప్పితే లోపలి ముక్క డయల్ వైపు రాలిపోతుంది, దాంతో డయలూ విప్పక తప్పదు. పూర్తి సర్వీసింగుకి ఎలాగూ విప్పుతాం గనుక బాధ లేదు. ముళ్లు లాగేముందు డయల్ మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం వేస్తాం, గీత పడకుండా. సెకన్ల ముల్లు, పెద్దముల్లు, చిన్నముల్లు వరసగా వస్తాయి. డయల్ తీసి డబ్బాలో పెట్టేస్తాం. డయల్ని కడగరు, తుడవరు. దాని మీది అక్షరాలు ఉత్త రంగు. తడిగుడ్డ ఒక్కసారి రాస్తే కంపెనీ పేరు గుడ్డకి వచ్చేస్తుంది. అలా పేరు పోయిన డయళ్లు నా డ్రాయరులోకి చాలానే చేరాయి, అన్నీ ఇళ్లలో తుడిచినవే.

ఇక వాచీ లోపలి మిషన్. బ్యాలెన్సుని, దాన్ని పైనుంచి పట్టి ఉంచే వంతెన అనే ముక్కతో సహా ఎత్తుతాం. హెయిర్ స్ప్రింగు కింద వేలాడుతూ వస్తుంది. ఊపిరి బిగబట్టాల్సిన ఘట్టం ఇదొక్కటే, మిగతాదంతా ఓపిక. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదాన్నొకటి తాకకూడదు, పక్కకి వాలకూడదు. దాని వయసు మూడున్నర శతాబ్దాలు. 1675లో హాలండుకి చెందిన హైగెన్స్ బ్యాలెన్సుకి ఈ చుట్ల స్ప్రింగు తగిలించాకే, జేబులో గడియారం నిమిషాలు చూపించే ధైర్యం చేసింది. ఎండకీ చలికీ స్ప్రింగు బలం మారిపోయే చిక్కు మటుకు చాన్నాళ్లు తీరలేదు. ఆ చిక్కు తీర్చిన మిశ్రమ లోహాలు కనిపెట్టిన గియోమ్ అనే శాస్త్రవేత్తకి 1920లో భౌతికశాస్త్రం నోబెల్ ఇచ్చారు. మే నెల రోహిణీ ఎండల్లో మన వాచీ నడక పెద్దగా మారడం లేదంటే ఆయన చలవే.

బ్యాలెన్సు ఇరుసు కొనల మీద రెండు రాళ్లని ఒక చిన్న స్ప్రింగు పట్టుకుని ఉంటుంది. కింద పడినప్పుడు ఆ దెబ్బ ఇరుసుకి తగలకుండా అది కాస్త కదిలి సర్దుకుంటుంది. హెచ్.ఎం.టి. డయల్ మీద పారాషాక్ అని రాసి ఉండేది దీని గురించే. దాన్ని తీసేటప్పుడు చిమటా పట్టు తప్పిందా, టప్పున ఎగురుతుంది. ఎగిరిన దిక్కున నేల మీద మోకాళ్లేసి వెతకని మేస్త్రీ ఈ దేశంలో లేడు. షాపు ఊడ్చిన చెత్తని వెంటనే పారెయ్యకపోవడానికి కూడా అదే కారణం.

రాళ్ల మాట వచ్చింది కనుక చెబుతాను. డయల్ మీద 17 జ్యుయెల్స్ అని ఉంటుంది. "అన్ని కెంపులుంటే తీసి అమ్ముకోవచ్చు కదా" అని అడిగినవాళ్లున్నారు. కెంపులే, కానీ కొలిమిలో చేసినవి. ఫ్రాన్సులో వెర్నై అనే ఆయన 1902లో మంట మీద కెంపు చేసే పద్ధతి లోకానికి చెప్పాక రాయి ఖరీదు పడిపోయింది, వాచీ సామాన్యుడి చేతికి వచ్చింది. ఆ 17 ఎక్కడెక్కడుంటాయో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. బ్యాలెన్సు ఇరుసుకి పైనా కిందా రెండేసి, నాలుగు. పల్లెట్‌ని కొట్టే రాయి ఒకటి, అయిదు. పల్లెట్ కొమ్ములకి రెండు, దాని ఇరుసుకి రెండు, తొమ్మిది. ఎస్కేప్ చక్రం, సెకన్ల చక్రం, మూడో చక్రం, నడిమి చక్రం, ఒక్కోదానికి రెండేసి చొప్పున ఎనిమిది. మామూలుగా ఇదే అమరిక. ఉక్కు ఇరుసు ఇత్తడి చిల్లులో తిరిగితే చిల్లు కోలగా అరిగిపోతుంది. నున్నటి రాతిలో తిరిగితే నూనె ఉన్నంతకాలం రెండూ అరగవు. రాళ్లున్నది అందానికి కాదు, అరగకుండా ఉండటానికి.

పల్లెట్ కొమ్ములకున్న రెండు రాళ్లని దేనితో అంటిస్తారో తెలుసా? లక్కతో. మన ఏటికొప్పాక బొమ్మలకి మెరుపునిచ్చే లక్క పురుగు జిగురే. స్విట్జర్లాండులో చేసిన ఖరీదైన వాచీ తెరిచినా ఆ చోట లక్కే కనపడుతుంది. వేడి చేస్తే కరుగుతుంది, రాయిని వెంట్రుకవాసి జరిపి చల్లారిస్తే మళ్లీ పట్టుకుంటుంది. ఇంతకన్నా వీలైన జిగురు ఇంకా దొరకలేదు. అందుకే పల్లెట్‌ని స్పిరిట్‌లో వేయకూడదు. లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది, రాళ్లు ఊడి గిన్నె అడుక్కి చేరతాయి.

మిగతా ముక్కలన్నీ కడగాలి. వెనకటికి గిన్నెలో పెట్రోలు పోసి కుంచెతో కడిగేవాళ్లం, ఇప్పుడు అల్ట్రాసోనిక్ మిషన్లున్నాయి. మిషన్ ఉన్నా రాళ్ల చిల్లుల్లో గట్టిపడిన బంక దానంతటది పోదు. మెత్తటి పుల్లని సన్నగా చెక్కి ఆ చిల్లులో తిప్పాలి. పుల్ల కొన నల్లగా వస్తుంది. మళ్లీ చెక్కి మళ్లీ తిప్పాలి, కొన తెల్లగా వచ్చేదాకా. పెద్దావిడ వాచీలో మూడో చక్రం చిల్లు నన్ను చాలాసేపు కూర్చోబెట్టింది. భూతద్దం పెట్టి ఆ చక్రం ఇరుసు చూస్తే కొన చుట్టూ సన్నటి గాడి ఒకటి పడి ఉంది, నున్నగా మెరవాల్సిన చోట. ఇంకో ఏడాది నడిచి ఉంటే చక్రం పనికొచ్చేది కాదు. ఆగడమే మంచిదయింది. ఆ కొనని మెరుగు పెట్టి వాడాను.

మెయిన్ స్ప్రింగుని డబ్బీలోంచి తీసి బల్ల మీద వదిలి చూడాలి. మంచి స్ప్రింగు వెనక్కి మెలి తిరిగి విశాలంగా విచ్చుకుంటుంది. అలిసిపోయినది డబ్బీలో ఉన్న ఆకారంలోనే చుట్టగా పడి ఉంటుంది. పాత నీలిరంగు ఉక్కు స్ప్రింగులకి ఇది మామూలే. అలా ఉంటే కడగకండి, మార్చండి.

ఇప్పుడు నూనె. మొత్తం సర్వీసింగు దీని కోసమే, మొత్తం చెడేదీ ఇక్కడే.

ఒకప్పుడు వాచీలకి డాల్ఫిన్ జాతి జలచరాల దవడ నుంచి తీసిన నూనె వాడేవారు. అమెరికాలో న్యూ బెడ్‌ఫర్డ్ అనే రేవుపట్నంలో విలియం నై అనే ఆయన ఆ వ్యాపారంతో పెద్దవాడయ్యాడు. చలికి గడ్డ కట్టదని దానికి పేరు. ఇప్పుడు వాడేవి ప్రయోగశాలల్లో చేసిన నూనెలు. వేగంగా తిరిగే సన్న ఇరుసులకి పల్చటిది, మొబియస్ 9010 లాంటిది. మెయిన్ స్ప్రింగు డబ్బీ, నడిమి చక్రం వంటి నిదానంగా తిరిగే బరువు చోట్లకి చిక్కటిది. ఒక్కటే నూనె అన్నిచోట్లా వేసేవాళ్లున్నారు. కుట్టుమిషన్ నూనె వేసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల సంగతి వదిలేద్దాం.

వేసే సాధనం కొన చదును చేసిన సన్నటి తీగ. నూనె చుక్క కంటికి ఆనీ ఆననంత. రాయికి పైన చిన్న గుంట ఉంటుంది, ఆ గుంటలో సగం నిండితే చాలు. ఇరుసుకీ రాతికీ మధ్య ఉన్న సందు ఎంత సన్నదంటే, నూనె తనంతట తానే అందులోకి పాకి అక్కడే నిలబడుతుంది. గుంట నిండా పోశారో, ఆ నూనె అంచు దాటి పలక మీదికి పాకడం మొదలుపెడుతుంది. పాకేది పైన మిగిలింది ఒక్కటే అయితే బాధ లేదు. సందులో ఉన్నదాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. చివరికి ఇరుసు పొడిగా, చుట్టుపక్కలంతా జిడ్డుగా తయారవుతుంది. ఎక్కువ నూనె వేసిన వాచీ, సరిపడా వేసిన వాచీ కంటే ముందు ఎండుతుంది. నేర్పు చేయి ఎంత వేసిందో చూడకండి, ఎక్కడ వేయకుండా ఆగిందో చూడండి. చక్రాల పళ్లకి నూనె వేయకూడదు. పల్లెట్ ఇరుసుకి వేయకూడదు, అంత తేలిక ముక్కకి నూనె జిగటే బరువు. హెయిర్ స్ప్రింగుకి వాసన కూడా తగలకూడదు. ఎస్కేప్ చక్రం పళ్లు తాకే పల్లెట్ రాళ్ల మొహాలకి మటుకు తప్పకుండా వేయాలి, చాలామంది మరిచేదీ అక్కడే.

మళ్లీ బిగించాక టైమింగ్ మిషన్ మీద పెడతాం. డయల్ పైకి పెట్టి నిండు కీ మీద చూస్తే బ్యాలెన్సు 270 నుంచి 300 డిగ్రీల మధ్య ఊగాలి. పాత వాచీ 250 చూపించినా నేను ఒప్పుకుంటాను. నిలువుగా పెడితే కొంత తగ్గుతుంది, అది సహజం. ఇరవై నాలుగు గంటలు గడిచాక, కీ సగం దిగాక మళ్లీ చూడాలి. నిండు కీ మీద ఒక్కసారి చూసి ఇచ్చేస్తే మేస్త్రీకి సుఖం, మీకు కాదు. పెద్దావిడ వాచీ విప్పకముందు నిండు కీ మీద రెండు టిక్కులంటే గొప్ప. ఇప్పుడు 265 దగ్గర నిలబడింది. ఆ స్ప్రింగే, ఆ చక్రాలే. మారింది నూనె ఒక్కటే.

రోజుకి ఎంత తేడా ఉండొచ్చని అడుగుతారు. రోజుకి 86,400 సెకన్లు. 30 సెకన్ల తేడా అంటే 2,880లో ఒక వంతు తప్పు. స్విట్జర్లాండులో క్రోనోమీటర్ అని సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కూడా సగటున రోజుకి 4 సెకన్ల వెనకబాటు నుంచి 6 సెకన్ల ముందడుగు దాకా ఒప్పుకుంటుంది. అరవై ఏళ్ల జనతా అరనిమిషంలోపు నడిస్తే దండం పెట్టి పెట్టుకోండి. నేనైతే కావాలనే కాస్త ముందుకి పెట్టి ఇస్తాను. వాచీ ముందుకు పోతే మనిషి బస్టాండులో కాసేపు నిలబడతాడు. వెనకబడితే బస్సు పోతుంది, ఆ తిట్లు నాకొస్తాయి.

ఈ జనతా ఎక్కడిదో కుర్రవాళ్లకి తెలియకపోవచ్చు. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైంది. తొలి వాచీలు విడుదల చేసింది నెహ్రూగారు. తర్వాత తుమకూరు, శ్రీనగర్, రాణీబాగ్‌లలో ఫ్యాక్టరీలొచ్చాయి. మన హైదరాబాదులో ఆల్విన్ వాళ్లు సీకోతో కలిసి వాచీలు చేశారు. అల్లుడికి వాచీ, సైకిలు, రేడియో పెట్టిన కాలమది. ఆ మూడింటిలో సైకిలు తుక్కుకి పోయింది, రేడియో ఫోనులోకి దూరింది, వాచీ ఇంకా బీరువాలో ఉంది. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో వాళ్లు అమ్మకానికి పెట్టిన బ్యాటరీ వాచీ నిదానంగా ఇక్కడికీ వచ్చింది. 2016లో హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం నిర్ణయించింది.

మూత పడ్డాక మోజు పెరిగింది. దానితో ఒక బెడదా వచ్చింది. ఎర్ర డయల్, పచ్చ డయల్, ఆకాశనీలం డయల్, తళతళలాడే హెచ్.ఎం.టి.లు ఎక్కడపడితే అక్కడ అమ్మకానికి కనిపిస్తున్నాయి. చాలావాటికి డయల్ కొత్తగా రంగు వేసింది, లోపల నాలుగు వాచీల ముక్కలు, నూనె చుక్క లేదు. ముచ్చటపడి కొన్నవాళ్లు నెల తిరక్కుండా మా దగ్గరికొస్తారు. సర్వీసింగుకి వాచీ ఖరీదు కంటే ఎక్కువవుతుందంటే మొహం చిన్నబోతుంది. మాసిన పాత డయల్ ఉన్నదే కొనండి. కొనేముందు వెనక మూత తీయించి చూడండి, తీయనంటే లేచి వచ్చేయండి.

ఇంకో రెండు మాటలు. వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే కంగారుపడి విప్పించకండి. స్పీకరు మీదో, అయస్కాంతం ఉన్న ఫోను కవరు మీదో పెట్టి ఉంటారు. హెయిర్ స్ప్రింగు చుట్లు అయస్కాంతమెక్కి ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైనట్టవుతుంది, నడక వేగమవుతుంది. అయస్కాంతం దింపే చిన్న పెట్టె ఉంటుంది, అర నిమిషం పని. దానికి సర్వీసింగు ఛార్జీ అడిగితే ఇవ్వకండి. రెండోది చెమట. విశాఖ నుంచి నెల్లూరు దాకా సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి వాచీ పాడయ్యే దారి కీ పుల్లే. ఉప్పు చెమట దాని వెంట లోపలికి పోయి ముందు ఆ పుల్లనే తుప్పు పట్టిస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చాక పొడిగుడ్డతో తుడవండి, కీ చుట్టూ మరీ ముఖ్యంగా. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే ఎండలో పెట్టడం, బియ్యంలో పెట్టడం మానేసి ఆ రోజే మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్లండి. తుప్పు వారం ఆగదు.

నాలుగైదేళ్లకోసారి, నడుస్తున్నా సరే, నూనె మార్పించండి. సర్వీసింగు నుంచి వచ్చిన వాచీకి రోజూ ఒకే వేళకి, వీలైతే పొద్దున పూట, ఆగేదాకా నిండుగా కీ ఇవ్వండి. భయపడి సగంలో ఆపకండి. మొదటి రోజు ఆకాశవాణి వార్తలకి ముందొచ్చే టైముతో సరిపెట్టి, ముల్లు మళ్లీ ముట్టుకోకుండా వారం రోజులు రోజుకెంత తేడా వచ్చిందో కాగితం మీద రాయండి. రాత్రి పడుకునేటప్పుడు డయల్ పైకి పెట్టారో, పక్కకి నిలబెట్టారో అది కూడా రాయండి. ఎందుకంటే పెట్టిన తీరుని బట్టి నడక మారుతుంది, ఒక్కోసారి పెట్టే తీరు మారిస్తే మేస్త్రీ అవసరమే ఉండదు. ఆ కాగితం తెస్తే సరిచేయడం నాకు అయిదు నిమిషాల పని. కాగితం లేకుండా వచ్చి "కొంచెం స్లో అవుతోందండీ" అంటే మటుకు వారం ఆగి రమ్మని పంపించేస్తాను, ఏమీ అనుకోకండి.